ఏటికి ఇవ్వని కర్ణుడు

మొన్న లేపాక్షిలో ఒక అంగడాయన తోలు లాంప్‌షేడ్ల మీది దుమ్మును తడిగుడ్డతో తుడుస్తున్నాడు. తడిసిన మేకతోలు వాసన నా ముక్కు పట్టుకుని ముప్పై ఏళ్లు వెనక్కి ఈడ్చుకుపోయింది. కాస్త దూరంలో ఉన్న రాతినంది కూడా ఆ వాసనకు ఒకసారి తుమ్మిందని నా అనుమానం. సాక్షులు లేరు.

ఆ వాసన హనుమక్కది. ధర్మవరం దగ్గరి పల్లెలో తోలుబొమ్మలాడించే మనిషి. ఎత్తు నాలుగడుగులు. గొంతు మాత్రం తాడిపత్రి దాకా వెళ్లి, అక్కడ బండలు కోసే మిషన్లను ఆపించి తిరిగొచ్చేది. డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగం లేక తిరుగుతున్న నా వాగుడు విని, తన జట్టులో హాస్యగాడి బొమ్మకు గొంతుగా పెట్టుకుంది. ఆమె ఆడించేది కర్ణుణ్ణి. అత్తగారి నుంచి వచ్చిన బొమ్మ. ఆమె చేతిలో కర్ణుడు పడిపోయిన ప్రతిసారీ ఊళ్లో మూడు రోజులు పొయ్యి వెలిగేది కాదు. సరే, ఒక పూట.

ఒక వేసవిలో ఆ కర్ణుడి భుజం చినిగిపోయింది. జట్టు పెద్ద ఓబన్న, హనుమక్కకు వరసకు బావ, అర్జునుణ్ణి ఆడించేవాడు. చినిగిన బొమ్మను ఆడించకూడదు, ఇంట్లో ఉంచకూడదు, దండం పెట్టి ఏట్లో వదిలెయ్యాలి. వాళ్ల తాతల నాటి కట్టడి అది.

"ఏటికిడిసి రాపో. లేకుంటే జాతర్లో నీతో తెరెనక ఒగడూ కూచోడు," అన్నాడు ఓబన్న.

తెర వెనక చోటు పోతే హనుమక్కకు ఊపిరాడే చోటు ఇంకొకటి లేదు. బొమ్మను కొంగులో చుట్టుకుని చిత్రావతి ఏటికి బయలుదేరింది. తోడు నేను. ఏట్లో నీళ్లెక్కడివి? ఆ ఏడు చేపలు కూడా కాలినడకన వలస పోయాయి. ఇసుకలో నిలబడి నేను తెలివి ప్రదర్శించాను.

"ట్యాంకరు పిలిపిద్దామా అక్కా? నాలుగు బిందెలు పోస్తే అదే ఏరు."

ఆమె నవ్వలేదు. బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఇసుకలో కూలబడింది.

"పుట్టినాక తల్లే ఏట్లో ఇడిసింది ఈయప్పని. మళ్లా నేనూ ఇడిసేదా? నీళ్లుండినా ఇడవను పో."

రెండు రోజులు ఆమె తలుపు తెరుచుకోలేదు. లోపల ఉలి చప్పుడు మాత్రం వినిపించేది. మూడో రోజు పొద్దున అందరం ఆట సరిచూసుకుంటుంటే, మూరెడు బొమ్మతో వచ్చింది. కర్ణుడి ఛాతీ తోలులోంచి కోసిన బొమ్మ. పాత హారం కోసం పొడిచిన చిల్లులు దాని మీద ఇంకా ఉన్నాయి. వృషకేతుడు. యుద్ధం తర్వాత కర్ణుడి కొడుకుల్లో మిగిలినవాడు, తండ్రిని చంపిన అర్జునుడే చేరదీసినవాడు. మా ఆటలో అప్పటిదాకా వాడు లేడు. కర్ణుడు పడగానే మేం చేతులు దులుపుకునేవాళ్లం.

"ఇది ఆ చినిగిన బొమ్మే గదమ్మే," అన్నాడు ఓబన్న.

"చినిగింది నాయన, బావా. కొడుకు నిన్ననే పుట్టినాడు. పుట్టినోణ్ణి ఏట్లో ఎయ్యమని నీ కట్టడిలో యాడన్నా ఉండాదా?"

ఓబన్న జవాబు కోసం తన మీసమంతా వెతికాడు. "మాట్లాడించేదెవురు మరి?" అన్నాడు.

ఆమె బొమ్మ పుల్లను నా చేతిలో పెట్టింది. "నువ్వే. నవ్వించినావంటే చేతులిరగ్గొడతా."

ఎదురుగా ఓబన్న, అతని చేతిలో అర్జునుడు. నా నోట్లో పదకొండు జోకులు వరసలో నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియకుండా అనేశాను:

"చిన్నాయనా, మా నాయన ఎట్లుండేటోడో చెప్పు. కడసారి సూసినోడివి నువ్వే గదా."

ఓబన్న అర్జునుడి చెయ్యి ఎత్తాడు, దించాడు. వెయ్యి పద్యాలు నోటికొచ్చిన మనిషి, "మా యన్నప్పా, మీ నాయన," అని మాత్రం అన్నాడు. అర్జునుణ్ణి పక్కన పెట్టి, హనుమక్క వైపు చూడకుండానే, "జాతర్లో ఇదీ ఆడిద్దాం," అన్నాడు. హనుమక్క తన చోట్లో, తెర వెనక, కూర్చుంది.

తర్వాత నేను లారీల కొద్దీ హాస్యం రాశాను. అందులో అబద్ధం పాళ్లు పాఠకులకు తెలుసు. హనుమక్క నా నోట పలికించిన ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఇప్పటికీ వాడుకుంటున్నాను. చావింటికి వెళితే ఓదార్పు మాటలు చెప్పను. ఆయన ఎట్లుండేవారో చెప్పండి అంటాను. ఏడుస్తున్నవాళ్లు కళ్లు తుడుచుకుని చెబుతారు, మధ్యలో నవ్వుతారు కూడా.

హనుమక్క పోయినప్పుడూ వెళ్లాను. అరుగు మీద ఓబన్న ఒక్కడే ఉన్నాడు. నేను నోరు తెరవకముందే పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూచోప్పా," అన్నాడు. "ఆయమ్మ నా మాట ఎన్నితూర్లు ఇనలేదో చెప్తా."