నీలం స్టిక్కరా, ఎర్ర స్టిక్కరా

మా ఊళ్లో మనిషి పోతే పరామర్శకు వచ్చేవాళ్లకంటే, మా కోడలి లాప్‌టాప్ పోయినప్పుడు సలహాకు వచ్చినవాళ్లే ఎక్కువ. పరామర్శకు వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని లేచి పోతారు. వీళ్లు పోలేదు. రోజూ వచ్చారు. టీలు తాగారు. మా ఆవిడ పాలు చాలక పక్కింట్లో అడిగింది.

దర్శి పోయే రోడ్డు పక్కన ఇల్లు మాది. ఒకవైపు పత్తి జిన్నింగ్ మిల్లు, ఇంకోవైపు మిరపకాయలు ఆరబోసే కళ్లం. మధ్యలో మా ముందుగది, రేకులది. అందులో మా కోడలి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను. పెళ్లి జాకెట్ల మీద కుట్టే నెమళ్లు, మామిడి పిందెలు, లతలు ముందు లాప్‌టాప్‌లో గీస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టి మిషనుకు ఇస్తే అది కుట్టుకుపోతుంది. ఒంగోల్లో బట్టల కొట్టు నడిపే ఒకావిడ ముహూర్తాల రోజుల్లో పని పంపేది. మా వాడు చీమకుర్తి రాయి తోలే లారీ మీద ఉంటాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఇల్లు నడిచేది చాలావరకు ఆ మిషను మీదే. ఈ మాట వాడి ముందు అనకూడదు, మూతి ముడుచుకుంటాడు.

ఉగాది వెళ్లాక ఒకరోజు లాప్‌టాప్ కీచుమని ఆగిపోయింది. గుంటూరు తీసుకుపోయాం, నేనూ మా కోడలూ. రిపేరు కొట్టు కుర్రాడు అట్టముక్కలాంటిది దూర్చి మూత లేపాడు. లేపీ లేపకముందే తుమ్ములందుకున్నాడు.

“ఏంటండీ ఇది, ఇందులో కారం ఆడించారా?”

లోపల ఫ్యాను చుట్టూ పత్తి నూగు పేరుకుంది. దానికి మిరప దుమ్ము పట్టి ఎర్రటి కంబళిముక్కలా అయింది. ఫ్యాను తిరగక వేడెక్కి బోర్డు కాలిందట. అయితే బోర్డు మార్చు నాయనా అన్నాను. మారదన్నాడు. మెమరీ అందులోనే అతికారు, డిస్కు అందులోనే అతికారు, బ్యాటరీని జిగురేసి అంటించారు.

“ఇది బాగుచేసే వస్తువు కాదండీ. కొత్తది తీసుకోండి.”

“బాగుచేయడానికి వీల్లేకుండా ఎందుకు చేశారు?”

“సన్నగా ఉండటానికండీ.”

“సన్నగా ఉండటానికి ఇదేమన్నా పెళ్లికూతురా?”

కుర్రాడు నవ్వాడు. మా కోడలు నవ్వలేదు. అప్పటికే ఒంగోలు ఆవిడ ఫోన్లో ఒక మాట చెప్పింది: వైశాఖం పెళ్లిళ్ల జాకెట్లు వేళకు అందకపోతే పని ఇంకొకరికి ఇచ్చుకుంటాను, ఏమనుకోకు అని. ఏమనుకోకు అన్నవాళ్లు మళ్లీ రారు. ఆవిడ పోతే మిషను మూలన పడుతుంది. మిషను మూలన పడితే మా వాడు ఎప్పటినుంచో అంటున్న మాట నెగ్గుతుంది, దాన్ని అమ్మేసి మిల్లులో పనికి పొమ్మని. ఆ అమ్మాయి దిగులంతా అది. నాకు తెలుసు. సలహాకు వచ్చిన ఒక్కడికీ తెలియదు, అడగలేదు గనక.

నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువు పొట్లాల కాగితాల మీద, మోటార్ల పెట్టెల్లో వచ్చే పుస్తకాల మీద, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఇంగ్లీషు మాట్లాడలేను గానీ చదివితే తెలుస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన రోజే కూర్చుని ఫోన్లో వెతికాను. విప్పుకోవడానికి వీలుగా ముక్కలు ముక్కలుగా చేసే లాప్‌టాప్‌లు ఉన్నాయని తెలిసింది. కీబోర్డు పోతే కీబోర్డు మార్చుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బితే బ్యాటరీ. ఫ్యానుకు నూగు పడితే మరలు తిప్పి శుభ్రం చేసుకోవచ్చు. మరలు తిప్పే పుల్ల కూడా వాళ్లే ఇస్తారట. ఇన్నాళ్లకు ఒక మనిషి బుర్రపెట్టి చేసిన వస్తువు కనపడిందని సంతోషించాను. బెంగుళూరులో తెలుగాయన ఒకాయన తెప్పించి అమ్ముతాడని తెలిసి ఫోన్ చేశాం.

ఆయన అన్నీ చెప్పి చివర్లో అడిగాడు: “ప్రాసెసర్ ఏది పంపమంటారండీ? రెండు కంపెనీలవి వస్తాయి.”

ఆ ఒక్క ప్రశ్నకు మా ఇల్లు రెండు ముక్కలైంది.

ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే బిళ్ల. కంపెనీల పేర్లు నేను రాయను, మావాళ్లూ పేర్లతో పిలవలేదు. స్టిక్కరు రంగును బట్టి ఒకటి నీలం, ఒకటి ఎర్ర. అంతే, తెల్లారేసరికి నీలం వాళ్లూ ఎర్ర వాళ్లూ తయారయ్యారు.

నీలానికి పెద్ద మా బావమరిది. మిరప వేస్తాడు, పత్తి వేస్తాడు, జీవితంలో కంప్యూటర్ ముట్టుకున్నవాడు కాదు.

“బావా, నీలం ఎప్పటినుంచో ఉంది. పేరున్న కంపెనీ. కళ్లు మూసుకుని తీసుకో.”

“కళ్లు మూసుకునే కదరా నువ్వు ఏదైనా తీసుకునేది.”

ఎర్రకు పెద్ద మా వాడు. లారీలో లోడు కోసం ఎదురుచూస్తూ ఫోన్లో వీడియోలు చూస్తాడు. ఆ వీడియోల్లో కుర్రాళ్లు లాప్‌టాప్‌ని పక్కకు తిప్పి, ఎత్తి, దింపి, ఇది దున్నేస్తుంది, అది ఎగరేస్తుంది అని కేకలు వేస్తారు. వీడు ఇంటికొచ్చి అవే కేకలు మాకు వేశాడు. ఆటలాడితే ఎర్రదాన్లో బొమ్మ ఎక్కడా ఆగదట.

“ఆటలెవరాడతార్రా ఇంట్లో? నీ పెళ్లాం నెమలిని గీస్తుంది. నెమలి కదలదు.”

“మీకు తెలీదు నాన్నా.”

నాకు తెలియనిది ఏముంది? ఈ గొడవ నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. నా చిన్నప్పుడు ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. ఏ ఇంజను మంచిదని అన్నదమ్ములు మాటలు మానుకున్నారు, ఇద్దరి బావిలోనూ నీళ్లు లేవు. తర్వాత ట్రాక్టర్లు. ఆ తర్వాత విత్తనాలు. అది ఇప్పటికీ వదల్లేదు. “ఏ కంపెనీ వేశావ్?” అన్నదే మా ఊళ్లో పలకరింపు. పక్కచేనువాడికి నిరుడు కాసిన విత్తనం ఈ ఏడు ఊరంతా వేయాలి. దానికోసం కొట్ల ముందు చెప్పులు క్యూలో పెట్టి, తాము నీడన కూర్చుంటారు. పక్కచేనువాడిది నల్లరేగడి, వీడిది చవుడు. వాడికి కాలవ ఉంది, వీడికి ఆకాశం ఉంది. అవేవీ అడగరు. ప్యాకెట్టు రంగు అడుగుతారు. కాయకపోతే వచ్చే ఏడు ఇంకో రంగు ప్యాకెట్టుకు చెప్పులు పెడతారు.

ప్రాసెసర్‌నీ అలాగే అడిగారు. మిల్లు గుమస్తాది ఏ కంపెనీ? బడిపంతులిది ఏ కంపెనీ? వాళ్లు ఏం పని చేస్తారు, ఎక్కడ కూర్చుని చేస్తారు అని ఒక్కడన్నా అడగలేదు. సింగరాయకొండ నుంచి వచ్చిన చుట్టమొకాయన, తన పిల్లకు సంబంధం చూడ్డానికి వచ్చినవాడు, సంబంధం సంగతి వదిలేసి ఎర్ర వేడెక్కుతుందని ఒకపూటంతా వాదించాడు. ఆయన చేతిలో ఫోను బటన్లది.

బావమరిది మరీ గొప్ప ఉపాయం తెచ్చాడు. మావాళ్లకు ఏ విత్తనం మీదా నమ్మకం కుదరకపోతే సగం చేను ఒక కంపెనీది, సగం చేను ఇంకో కంపెనీది వేస్తారు.

“బావా, సగం అదీ సగం ఇదీ వేయించలేమా ఇందులో?”

అందరూ ఆయన వంక మెచ్చుకోలుగా చూశారు. నా ఒళ్లు మండిపోయింది. ఒకడు నిజంగానే “అడిగి చూస్తే పోలా?” అన్నాడు.

నేను వాళ్లకు ఒకే మాట పదిసార్లు చెప్పాను. ఒరే, ఆ పెట్టెలో బోర్డు ఊడుతుంది. ఇవాళ ఎర్ర పెట్టుకుని నచ్చకపోతే రేపు అదే పెట్టెలో నీలం బోర్డు బిగించుకోవచ్చు. స్క్రీను అదే, కీబోర్డు అదే. మార్చుకోవడానికి వీలైన దానికోసం మీరు గొంతు చించుకుంటున్నారు. అసలు చూడాల్సింది వేరే ఉంది, వేడీ దుమ్మూ. చిత్తు కాగితం తీసి బొమ్మ గీసి చూపించాను కూడా. బావమరిది ఆ కాగితంతో చెవి గోక్కున్నాడు.

వేడి సంగతి మాత్రం నాకూ తేలలేదు. పరీక్షలు చేసేవాళ్లంతా ఏసీ గదుల్లో కూర్చుని చేస్తారు. ఆ లెక్కలు మా రేకుల గదికి ఎలా సరిపోతాయి? ఒక మధ్యాహ్నం, అందరూ ఉండగానే, బెంగుళూరు ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టమన్నాను కోడల్ని.

“అయ్యా, మాది రేకుల గది. మే నెల, పట్టపగలు, కరెంటు పోయింది. పక్కన మిల్లు నూగు, ఇటు మిరప దుమ్ము. ఈ రెండింటిలో ఏది బతుకుతుంది?”

“ఇలా ఎవరూ అడగలేదండీ,” అన్నాడు. తర్వాత నిజాయితీగానే చెప్పాడు. “వేడెక్కితే రెండూ నెమ్మదిస్తాయి. దుమ్ము పడితే రెండూ ఒకటే. ఎంబ్రాయిడరీ డిజైన్లకంటారా, మీకు రెండూ ఎక్కువేనండీ.”

గదిలో ఎవరికీ ఆ జవాబు నచ్చలేదు. రెండూ ఒకటేనంటే వాళ్లకు వాదన దొరకదు. బావమరిది ఫోను దగ్గరకు వంగాడు. “అది కాదు సార్, మీరైతే ఏది వేస్తారు?” అని అడిగాడు. మా వాడు “మామా, ఆయన్ని చెప్పనీ” అన్నాడు. “నువ్వూరుకోరా లారీ” అన్నాడు బావమరిది. ఇద్దరూ లేచారు.

అప్పుడు మా కోడలు స్పీకర్ ఆపి ఫోను చెవికి ఆనించుకుంది.

“అన్నయ్యగారూ, మీ దగ్గర ఇప్పుడు చేతిలో ఏది ఉంది? … రెండోది రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? … అయితే ఉన్నదే పంపేయండి. ఇవాళే. ఫ్యాను ఒకటి అదనంగా వేయండి.”

పెట్టేసింది.

“ఏది పంపమన్నావమ్మాయ్?” అన్నాడు బావమరిది.

“ఎర్రది, బాబాయ్‌గారూ.”

“అదేంటి, పెద్దవాళ్లం మాట్లాడుతున్నాం కదా!”

“మీరు మాట్లాడండి బాబాయ్‌గారూ. జాకెట్లు ఆగవుగా.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మా వాడు నెగ్గినట్టు మీసం దువ్వుకున్నాడు. నెగ్గింది వాడు కాదని వాడికి చెప్పడం నా వల్ల కాలేదు.

పెట్టె వచ్చిన రోజు మళ్లీ అందరూ వచ్చారు, అలిగిన బావమరిదితో సహా. అలకకంటే చూడాలన్న దురద ఎక్కువ. మా ఇళ్లలో కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపూ కుంకుమా పడాల్సిందే, ట్రాక్టరైనా గ్రైండరైనా. మా ఆవిడ పళ్లెం తెచ్చింది. మూత మీద బొట్టు పెట్టి ఊరుకుంటే బాగుండేది. ఆ మూత జారుడుగా ఉందట, కుంకుమ నిలవలేదట. దాన్ని ఆన్ చేయించి, తిరగేసి, అడుగున గరుగ్గా ఉన్నచోట చేతినిండా పులిమింది. అడుగున గరుగ్గా ఉన్నది గాలి పీల్చే జల్లెడ. ఫ్యాను ఒక్క గుక్కలో లాగేసింది. పక్కనున్న కంత లోంచి ఎర్రగా ఊదింది. సింగరాయకొండ చుట్టం తెల్లచొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆయన సంగతి ఎందుకులెండి.

తర్వాత ఫ్యాను గరగరమంది.

“చూశావా బావా! ఎర్రది తీసుకోవద్దన్నానా!”

“నీలమైతే కుంకుమ తినదా? ఉపవాసమా దానికి?”

“పేరున్న కంపెనీ బావా, దాని తీరే వేరు.”

మా ఆవిడ పళ్లెం పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడిపోయింది. ఒంగోలు ఆవిడకు ఇవ్వాల్సినవాటికి గడువు రెండు రోజులే. గుంటూరు తీసుకుపోదామని ఒకడు, దేవుడి దగ్గర పెడదామని ఒకడు. మా కోడలు ఎవరి వంకా చూడలేదు. స్విచ్చి ఆపింది. పెట్టెలో వచ్చిన అదనపు ఫ్యానును తర్వాతి అవసరానికి పక్కన పెట్టి, స్క్రూడ్రైవర్ తీసింది. చాపమీద కూర్చుని లాప్‌టాప్‌ను బోర్లించి మరలు ఒక్కొక్కటే విప్పి, పోకుండా సీసా మూతలో వేసుకుంది.

“మామయ్యా, ఫోన్ లైటు కొంచెం ఇటు పట్టండి.”

పట్టాను. ఫ్యాను బయటకు వచ్చింది, పండుమిర్చి తొక్కులో ముంచి తీసినట్టు ఎర్రగా. మిషను సందులు దులిపే మెత్తటి కుంచెతో రెక్క రెక్కా తుడిచింది. అంతమంది మగవాళ్లం వంగి చూస్తున్నాం. బావమరిది మెడ అందరికంటే ముందుకు సాగింది.

“ఏదీ, ఆ బిళ్ల ఏదీ? ఎర్రదా కాదా చూద్దాం.”

“ఈ రాగి పట్టీ కింద ఉంటుంది బాబాయ్‌గారూ. కనపడదు.”

“పేరన్నా రాయలేదా దానిమీద?”

“రాసినా పట్టీ తీస్తేగానీ కనపడదు. తీయమంటారా, జాకెట్లు కుట్టమంటారా?”

ఇన్నాళ్లు దేనికోసం గొంతులు చించుకున్నామో దాని మొహమన్నా చూడలేకపోయామే అన్న బాధ వాళ్ల ముఖాల్లో స్పష్టంగా కనపడింది. నాకు జాలి వేయలేదు. ఆమె మరలు బిగించింది, ఆన్ చేసింది. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. పెన్‌డ్రైవ్ పెట్టి, అందులో మిగిలిన పాత నెమలిని కొత్త జాకెట్టు కొలతకు మార్చి, తీసి, మిషనుకు తగిలించింది. కాసేపటికి గదిలో సూది టకటక మొదలైంది, మాట్లాడితే వినపడనంత గట్టిగా. ఒక్కొక్కరే లేచి పోయారు.

జాకెట్లు వేళకే పోయాయి. జ్యేష్ఠం పని కూడా ఒంగోలు ఆవిడ ఇక్కడికే పంపింది. మిషను అమ్మే మాట మా వాడు మళ్లీ ఎత్తలేదు. బావమరిది మాత్రం టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడట, నీలమైతే ఆ రోజు కుంకుమ లాగేదే కాదని. వింటున్నవాళ్లు తలలూపుతున్నారట. ఊపనివ్వండి.

మా కోడలు శుక్రవారం శుక్రవారం లాప్‌టాప్ విప్పి నూగు దులుపుతుంది. ఆ స్క్రూడ్రైవర్ ఆమె కత్తెర పక్కన ఉంటుంది. మొన్న బావమరిది టార్చిలైటు విప్పుకుంటానని అడిగితే ఇవ్వలేదు.