కేకు లైసెన్సుకు ఓనరమ్మ సంతకం

కేకులు మొదలుపెట్టిన కొత్తలో నాకు తెలిసిన చట్టం ఒక్కటే: కేకు పొంగుతుండగా ఓవెన్ తలుపు తీయకూడదు. కొత్తపేటలో మేం కిరాయికుండే పై పోర్షన్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల దాకా పుట్టినరోజు కేకులన్నీ నా స్కూటీ మీదే వెళ్లేవి. స్పీడ్ బ్రేకర్లకు మాత్రం దండం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు ఎల్బీనగర్‌లో స్వీట్ల దుకాణం నడిపే ఒకాయన నా కేకు రుచి చూసి, రోజూ తన షాపులో పెడతానన్నాడు. నేను ఎగిరి గంతేయబోతుంటే, "డబ్బా మీద ఫుడ్ సేఫ్టీ నంబర్ ఉండాలమ్మా. అది లేకుంటే నేను పెట్టలేను" అన్నాడు. ఇంట్లో చేసి అమ్మినా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని నాకు అప్పుడే తెలిసింది. చిన్న వ్యాపారం కాబట్టి పెద్ద తతంగమేమీ లేదు. ఫోటో, ఆధార్, వంటిల్లు ఎక్కడుందో రుజువు ఉంటే చాలట. నెట్ సెంటర్ ఆమె నా వివరాలన్నీ కొట్టి, "కిరాయి ఇల్లా అక్కా? అయితే కేకులు చేసుకుంటే అభ్యంతరం లేదని ఈ కాగితం మీద ఓనర్‌తోని సంతకం పెట్టిచ్చుకొని రా" అంది.

మాకు కిరాయి కాగితం లేదు. అది నోటిమాట మీద ఇచ్చిన ఇల్లు. కింద పోర్షన్‌లో ఉండే మా ఓనరమ్మది, అక్కడ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవకముందు నుంచీ ఉన్న రైతు కుటుంబం. మంచి మనిషి. పైన వెనిల్లా వాసన వస్తే చాలు, "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని మెట్ల దగ్గర నిలబడేది. సంతకం ఎంతసేపులే అనుకుని దిగాను.

"సంతకమా? నేను పెట్ట."

"అయితే నన్ను కేకులు చేసుకోవద్దంటరా పెద్దమ్మా?"

"ఎవరద్దన్నరు? మంచిగ చేస్కో. గా సార్లను నా దగ్గరికి తోలు, నోటితోని నేనే చెప్త. సంతకం మాత్రం అడుగకు."

నాకు ఒళ్లు మండింది. ఈ చుట్టుపక్కల పాత ఊళ్లవాళ్లకు కాగితమంటే ఎందుకంత భయమో తెలియక కాదు. భూమి ధరలు పెరిగిన రోజుల్లో ఒక్క సంతకంతో పొలాలు పోయిన కుటుంబాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. కానీ ఇళ్లు కొట్టేసే తెలివే ఉంటే నేను మైదా జల్లించుకుంటూ ఎందుకు కూర్చుంటాను?

ఇక లంచానికి దిగాను. గుడ్డు వేయని పైనాపిల్ కేకు పట్టుకెళ్లాను. ఇష్టంగా తిని, "జర తీపి తక్కువైంది" అంది. మర్నాడు తీపి పెంచాను. "గిప్పుడు మంచిగుంది" అంది. సంతకం ఊసే లేదు. వస్తే కొండ, పోతే వెంట్రుక అనుకున్నాను గానీ, పోతున్నదంతా వెన్న.

ఈలోగా దుకాణం ఆయన ఫోన్ చేశాడు. ఆ వారంలో నంబర్ రాకపోతే వేరేవాళ్ల కేకులు పెట్టుకుంటాడట. ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపుతోనే కిందికి దిగి, "మీకు నా మీద నమ్మకమే లేదు పెద్దమ్మా. ఇల్లు ఖాళీ జేసి పోత" అనేశాను.

"పోవుడెందుకు? ఈ ఇంటి మీద నీకు ఏ హక్కూ లేదని ముందు నువ్వు నాకు రాసియ్యి. గప్పుడు నేను పెడ్త" అంది.

ఒక పక్క అవమానం, ఇంకో పక్క నవ్వు. సరేనన్నాను. తనకు తెలిసిన డాక్యుమెంట్ రైటర్‌తో ఆ కాగితం ఆమే టైపు చేయించి, మర్నాడు పొద్దున నన్ను పిలిచింది. నా కేకుల కాగితం ఆమె ముందు పెట్టి, ఆమె కాగితం లాక్కుని, కోపంగా పెన్ను మూత తీశాను.

"చదివినవా?"

"మీరు రాయించిందే గదా. ఇంక చదివేదేముంది?"

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నేను రాయించినా సరే, చదువకుండ పెట్టకు బిడ్డా. మా ఇంటాయన, సొంత తమ్ముడే గదా అని పెట్టిండు."

ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆ కాగితమూ, నా కేకుల కాగితమూ రెండూ గట్టిగా చదివాను. అంతా విన్నాక ఆమె కళ్లద్దాలు సర్దుకుని, ముందు తన సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది.