కుళాయి దగ్గర అనాల్సిన మాట

మా లైనులో దొంగతనానికి శిక్ష కొట్టడం కాదు, జరిమానా కాదు. తప్పు చేశారనుకున్న మనిషి ఏడు రోజులు, పొద్దున నీళ్ళు వదిలే వేళ, నెత్తిన ఖాళీ కుండ పెట్టుకుని కుళాయి పక్కన నిలబడాలి. నీళ్ళకు వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మనిషి ముఖంలోకి చూసి "సూసినాను" అనాలి. అనకపోతే కుళాయి కింద బిందె పెట్టకూడదు. ఈ ఆచారాన్ని మావాళ్ళు శ్రీకాకుళం నుంచి మూటగట్టుకుని తెచ్చారో, బెంగాలీల గార్డెన్ రీచ్‌కు వచ్చాక కనిపెట్టారో నాకు తెలియదు. నేను పెళ్ళయి, ఓడల డాకు కూలీల గదులున్న ఆ లైనులోకి కాపురానికి వచ్చేసరికే ఉంది.

దాన్ని నడిపించేది పెద్దాయన. మావాళ్ళలో సగం మందిని డాకు పనిలో పెట్టించిన ముసలాయన. "పార్టీ ఆఫీసుకెల్తే బెంగాలీల కాడ మన పరువేటవుద్ది? మనది మనమే సూసుకుందాం" అనేవాడు. అందరూ తలలూపేవారు.

కాపురానికొచ్చిన మూడో నెలలో మా అత్తగారి ఇత్తడి చెంబు గంగలో పోగొట్టాను. ఘాట్‌లో తోముతుంటే స్టీమరు వెళ్ళింది, దాని అల వచ్చి చెంబును లాక్కుపోయింది. అది ఆవిడ పుట్టింటి చెంబు. ఆవిడ నోటికి జడిసి, దారిలో పెద్దాయన గుమ్మం ముందు బోర్లించి ఉన్న అలాంటి చెంబునే కొంగు కింద పెట్టుకొచ్చేశాను. ఇంట్లో తిప్పి చూస్తే, అడుగున చుక్కలు చుక్కలుగా పెద్దాయన భార్య పేరు. పేరు కొట్టించకుండా మనవాళ్ళు ఇత్తడి సామాను ఇంటికి తేరని నాకు తెలియదా? నా బుద్ధి గడ్డి తింది. ఇటుక ముక్కతో గీకాను, అక్షరాలు పోలేదు. బియ్యం డబ్బా వెనక దాచేశాను. అత్తగారు అడిగితే, కడిగి గుమ్మంలో పెట్టాను, ఎవరో ఎత్తుకుపోయారన్నాను.

ఒకే రోజు రెండు చెంబులు. లైనంతా గోల. మా పక్క గదిలో ఒక విధవరాలు ఒంటరిగా ఉండేది. పెద్దాయన ఇంట్లోనూ ఇంకో మూడిళ్ళలోనూ గిన్నెలు తోమి బతికేది. కొత్త ఊళ్ళో నాకు బజారు దారి చూపించింది ఆవిడే. మావైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. చెంబులు తెలిసిన చెయ్యి ఇంకెవరిది అన్నారంతా. ఆమె ఒట్టేసింది, ఏడ్చింది, చివరికి ఊరుకుంది. మర్నాడు కుండ నెత్తినెత్తుకుంది.

మొదటి రోజు ఆ మాట అనకుండానే బిందె పెట్టబోయాను. వెనక నుంచి అత్తగారు పొడిచింది. "అనవేటే గుంటా, నీల్లెల్లిపోతాయి!" అంది. నేనూ "సూసినాను" అన్నాను. రెండో రోజు తేలిగ్గానే వచ్చింది. ఏడో రోజున కొంగు దోపుకుంటూ, బిందె కడుక్కుంటూ అనేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

ఎనిమిదో రోజు ఆమె మళ్ళీ వచ్చింది. కుండ లేదు. కుళాయి పక్కన బట్టలుతికే బండ మీద కూర్చుంది. మొదటి బిందె పెట్టిన మనిషి ముఖంలోకి చూసి, మెల్లగా, "సూసినాను" అంది.

అందరూ నవ్వారు. తర్వాతి మనిషికీ అదే మాట. కోపం లేదు, ఏడుపు లేదు. నా వంతు వచ్చింది. నా కళ్ళలోకి చూసి అంది, "సూసినాను." నా బిందె సగమే నిండింది, అయినా ఎత్తుకుని వచ్చేశాను. చెంబు తీస్తుంటే చూసిందా? చూస్తే ఏడు రోజులు ఎందుకు నిలబడింది?

రోజూ అదే బండ, అదే మాట. నాలుగు రోజులకు నవ్వులు ఆగిపోయాయి. పాలలో నీళ్ళు కలిపేదని అందరికీ తెలిసిన ఒకావిడ, తల వంచుకుని చిక్కటి పాలు పొయ్యడం మొదలుపెట్టింది. ఒకాయన డాకు నుంచి ఎత్తుకొచ్చిన టీ పెట్టెను తిరిగి మోసుకెళ్ళాడు. కొందరు మెటియాబ్రుజ్ వైపు కుళాయికి అంత దూరం నడిచేవారు. పొద్దున్నే అంతమంది చేరే చోట బిందెల చప్పుడు తప్ప మాట వినపడేది కాదు. లైను గొడవను ఎప్పుడూ గడప దాటించని పెద్దాయనే చివరికి పార్టీ ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి పార్టీ నాయకుడు నవ్వి, "ఒకావిడ కూర్చుని చూశానంటే కేసేమిటి కాకా" అని టీ తాగించి పంపాడట.

నాకు అన్నం సయించేది కాదు. డబ్బా వెనక నుంచి ఆ చెంబు నన్ను చూస్తున్నట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం దాన్ని కొంగులో చుట్టుకుని ఆమె గదికి వెళ్ళాను. ముందు పెట్టి, "అప్పా, నేనే. నువ్వు చూశావు కదా" అన్నాను.

ఆమె చెంబును ఒక వేలితో తిప్పి చూసింది.

"నానేటీ సూడలేదమ్మా" అంది. "మీరందరూ ఏడు దినాలు సూసినాం, సూసినాం అన్నారు. మీరేటి సూసినారు? నానూ అదే అన్నాను."

చెంబును నా వైపు జరిపి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు నీళ్ళు రాకముందే నేను వెళ్ళి ఆ చెంబు నెత్తిన బోర్లించుకుని కుళాయి పక్కన నిలబడ్డాను. ఎవరూ రమ్మనలేదు. పెద్దాయన భార్య వచ్చి మునివేళ్ళ మీద లేచి తన పేరు చూసుకుంది, బిందె దించి పక్కన పెట్టేసింది. మా అత్తగారు బిందె పట్టుకుని అక్కడే ఆగిపోయింది. అనకపోతే నీళ్ళు పట్టకూడదు. అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. బిందెలన్నీ వరసలో ఖాళీగా ఉన్నాయి, నీళ్ళు ధారగా మురిక్కాలువలోకి పోతున్నాయి.

అప్పుడు అప్ప వచ్చింది. కుళాయి కింద బకెట్ పెట్టి నింపుకుంది. నేను ఎదురుచూశాను. అనమని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఆమె బకెట్ ఎత్తుకుని, పక్కనే ఉన్న నన్ను దాటి వెళ్ళిపోయింది.

ఆ బండ మీద ఆమె మళ్ళీ కూర్చోలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు మా రెండు గదులకూ మధ్య ఒక్క గోడే. ఆ పదకొండేళ్ళలో ఆమె నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.