మేనమామ పోలిక

ఆడపిల్లకు మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు. మా అమ్మకు మాత్రం అదే భయం. ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే మా మామకు బైపోలార్ జబ్బు. అది పొంగినప్పుడు రోజుల తరబడి నిద్రలేకుండా మాట్లాడేవాడు, అడగని వాళ్లకు కూడా రవిక గుడ్డలు చింపి ఇచ్చేవాడు. అణిగినప్పుడు నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఫలితాలు వచ్చిన రోజే అమ్మను వెంటబెట్టుకుని పులివెందులలో ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. మామ అంగడిలోకి వచ్చినా ఆగలేదు.

"నిదానం పాపా," అంది అమ్మ. "అచ్చం మీ మామ మాదిరే మాట్లాడతాండావు."

"రక్తంలో ఉన్నంత మాత్రాన అందరికీ రావాలని లేదమ్మా. మా క్లాసులో చెప్పినారు" అన్నాను. కానీ ఆ మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదు.

మామ చేతిలో గుడ్డను మెల్లగా మడిచి పక్కన పెట్టాకే నోరు తెరిచాడు. మాత్రలు మొదలయ్యాక వచ్చిన అలవాటది.

"ఊరికే భయపడొద్దక్కా," అన్నాడు అలసిన గొంతుతో. "రెండూ చూసినోణ్ణి, నాకు తెల్దా? ఇది జబ్బు గాదు, సంతోషం."

తర్వాత నావైపు తిరిగాడు. "ఇంతసేపు మాట్లాడినావు, మార్కులెన్నో చెప్పనే లేదే?"

నాకంటే ముందు అమ్మే చెప్పేసింది.