కడపక్క విడాకులకు ప్లాస్టిక్ తొడుగు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ప్లాస్టిక్‌లోకి వెళ్లిన కాగితానికి ఇక చావు లేదని. కువైట్‌లోని ఫర్వానియాలో ఒక చిన్న టైపింగ్ సెంటర్‌లో కొత్తగా చేరాను. మనుషులతో మాట్లాడాలంటే చెమటలు పట్టేవి గానీ, లామినేషన్ యంత్రంతో మాత్రం మంచి స్నేహం కుదిరింది (అది ఎదురు ప్రశ్నలు వేయదు).

కడపక్క ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది; ఆ ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం 'మామా' అనేది. ఎప్పుడో ఊరి పెద్దమనుషులు ఆమెకూ మొగుడికీ తెగతెంపులు చేసి, స్టాంపు కాగితం మీద వేలిముద్రలు వేయించారు. ట్రక్కు నడిపే జగిత్యాలన్నను పెళ్లాడదామనుకునేసరికి, ఆ కాగితం ఊరి పొలిమేర దాటి చెల్లదని, కోర్టు తీర్పు కావాలని ఎంబసీలో చెప్పారు. రెండేళ్లకోసారి దొరికే సెలవులు రెండు కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోయాయి. చివరికి తీర్పు తెచ్చుకుంది. దాని వెనక ఎంబసీ ముద్ర పడితే పెళ్లి నమోదు చేయించుకోవచ్చు. దరఖాస్తు టైపు చేయించుకోవడానికి వచ్చి, ఆ కాగితం నా చేతికిచ్చి టీకి వెళ్లింది. మడతలు పడి నలిగిన దాన్ని చూసి నా మనసు కరిగిపోయింది. అడగకుండానే, ఉచితంగా, అంచులు సమంగా కత్తిరించి మరీ లామినేట్ చేశాను.

"అబ్బ, ఎంత మెరుస్తాండాదో!" అని మురిసిపోయింది కడపక్క. ఆ సాయంత్రం నా డైరీలో "ఈ రోజు ఒక ప్రేమను కాపాడాను" అని రాసుకున్నాను.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ప్లాస్టిక్ మీద ముద్ర వేయరట.

"నా విడాకుల్ని మూతేసి పెట్నావు కదమ్మే! ఇప్పుడు నేను పెండ్లైనదాన్నా, కానిదాన్నా? మామా పొద్దున్నే 'ఖలాస్?' అనడిగితే ఏం చెప్పేది?"

నేను గబగబా కత్తెర తీశాను.

"వద్దు బిడ్డా, అచ్చరాలన్నీ ఊడొస్తయ్," అన్నాడు జగిత్యాలన్న. నా కళ్లు చూసి గొంతు తగ్గించాడు. "ఏడువకు. నాలుగేండ్లు ఆగినోన్ని, ఇంకో నకలు వచ్చేదాంక ఆగనా? గప్పటిదాంక ఈమె కారం తినుడు తప్పుతది."

"ఏమన్నావ్?" అంది కడపక్క. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా నవ్వు దాగలేదు.

నకలు కోసం ఊళ్లోని లాయరుకు నేనే ఫోన్లు చేశాను (పరాయివాళ్లతో నోరు తెరవడం అలాగే వచ్చింది). మూడు నెలలకు అందింది. ముద్ర పడింది, పెళ్లి నమోదైంది. లడ్లతో వచ్చిన కడపక్క పెళ్లి కాగితాన్ని బారెడు దూరం నుంచే చూపించింది.

"కండ్లతోనే చూడమ్మే. ముట్టుకోవాకు!"

పాత తీర్పును నాకే ఇచ్చేసింది. అది నా డైరీల అడుగున ఇంకా మెరుస్తూనే ఉంది. నిజంగానే దానికి చావు లేదు. ఎప్పుడైనా ఆనాటి పేజీ తిరగేస్తే, ప్రేమను కాపాడానన్న ఆ వాక్యం కొట్టేద్దామని కలం తీస్తాను. రాసిన పిల్ల ముఖం గుర్తొచ్చి, మళ్లీ మూత పెట్టేస్తాను.