బరువు కోసం వచ్చినవాళ్లు

సూరత్‌లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా బాపుది మగ్గాల కార్ఖానాలో పని. నేను హజీరా వైపు ఒక పడవల యార్డులో డిజైన్ ఇంజనీర్‌ని. నేను గీసిన మొదటి జంట పడవను సముద్రంలో పరుగెత్తించి చూసిన రోజును ఇప్పటికీ మరిచిపోలేదు.

జంట పడవ అంటే పక్కపక్కన రెండు సన్నటి పడవలు, వాటి మీద ఒకటే డెక్కు. రెండింటి మధ్య ఎంత ఎడం ఉందన్నదే దానికి ప్రాణం. ఎడం చాలకపోతే రెండూ లేపే అలలు మధ్యలో కలిసి దిబ్బలా లేస్తాయి. ఇంజన్ బలమంతా ఆ దిబ్బతో పెనుగులాడటానికే సరిపోతుంది. నేను సరిపడా ఎడమే గీశాను. పడవ చేయిస్తున్న సేఠ్, తన జెట్టీలో అంత వెడల్పు పట్టదు, కుదించమన్నాడు. వద్దన్నాను, లెక్కలు చూపించాను, మేనేజర్ గదిలో గొంతు కూడా పెంచాను. "జెట్టీ పగలగొట్టమంటావా బాబూ?" అన్నాడు మేనేజర్. ఆయనది కాకినాడ. అంత మెత్తగా మాట్లాడే మనిషితో పోట్లాడటం నా వల్ల కాదు. వెల్డింగ్ అయిపోయాక ఇంకెవరు మాత్రం ఏం చేస్తారు?

పరీక్ష రోజు నిండు బరువుతో, ఒప్పుకున్న వేగం చూపించాలి. బరువుకు ఇసుక బస్తాలు వేస్తామంటే కొత్త సీట్లు పాడవుతాయని సేఠ్ ఒప్పుకోలేదు, మనుషుల్నే కూర్చోబెట్టమన్నాడు. ఈ సంగతి ఇంట్లో నోరు జారాను. ఇంకేముంది, డిండోలిలో మా గల్లీ మొత్తాన్నీ బాపు వెంటేసుకొచ్చాడు. పెళ్లిళ్లకు తీసే తెల్ల చొక్కా మీద లైఫ్ జాకెట్ బిగించుకుని ముందు వరుసలో కూర్చున్నాడు.

"మావోడే గీసిండు. జర గట్టిగ పట్టుకోండ్రి, రాకెట్ లెక్క పోతది" అని అందరికీ చెబుతున్నాడు.

తాపీ నది దాటి సముద్రంలోకి రాగానే ఇంజన్ల జోరు పూర్తిగా పెంచారు. లెక్కల్లో చూసిన దిబ్బ కళ్ల ముందే లేచింది. డెక్కు అడుగున నీళ్లు దబదబా బాదాయి. పడవ ముక్కు పైకెత్తి, ఇంజన్లు ఎంత అరిచినా ముందుకు పోలేక రొప్పింది. బరువు ముందుకు మళ్లితే ఏమన్నా మారుతుందేమోనని జనాన్ని ముందుకు జరగమన్నాను. లాభం లేకపోయింది, వెనక్కి పొమ్మన్నాను. బాపు లేచి నిలబడి "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ అందరినీ తోలాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఒడ్డుకొచ్చేసరికి సేఠ్ చుట్టాలు దండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు.

"మీ డిండోలి వాళ్లను దింపెయ్. తేలికవుతుంది."

"అది పరీక్షెట్లా అవుతుంది సార్?"

"సేఠే సరే అన్నాడు. ఇవాళ్టికి గట్టెక్కనీ బాబూ."

బాపుకు చెప్పాల్సింది మాత్రం నేనే. "మీరు దిగాలె బాపూ" అన్నాను. "గంతేనా? దిగుతం తియ్" అని తనే ముందు దిగాడు.

ఖాళీ సీట్లతో పడవ నిజంగానే దూసుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. రేపు జనం నిండగానే మళ్లీ రొప్పుతుందని తెలిసినవాణ్ణి, రెయిలింగ్ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. జెట్టీ మీద తెల్ల చొక్కా చెయ్యి ఊపుతూ కనిపించింది.

సాయంత్రం బాపూ నేనూ బస్సులో ఇంటికి బయల్దేరాం. ఉధ్నా దాటాక బాపు అన్నాడు.

"మేమే బరువైనం బిడ్డా. నీ పని ఖరాబు చేసినం."

రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి ఎడం చూపించాను, అలలు చూపించాను. తప్పు మీది కాదు, నేను వద్దన్నా కుదించారు అన్నాను. ఆయన నవ్వాడు.

"నన్ను సముదాయిస్తున్నవ్. మేం దిగినంక ఎట్ల పోయిందో కండ్లార చూసిన కద."

ఆయన చూసింది అబద్ధమని ఎట్లా చెప్పను?

దిగేముందు నా భుజం తట్టి, "మల్ల గిట్లాంటిది ఉంటె నన్ను పిలువకు బిడ్డా" అన్నాడు.