పన్నెండు అడుగుల బాట

నస్పూర్‌లో బాపు కొన్న జాగాను అన్నదమ్ములం ముగ్గురం పంచుకున్నప్పుడు, రోడ్డు నుంచి చివరి ఇంటిదాకా పన్నెండు అడుగుల బాట వదిలాం. చివరి వాటా తమ్ముడిది. దుబాయి నుంచి ఫోన్‌లోనే మా ఇద్దరితో ఒట్టు పెట్టించాడు. "నేను కారు కొంటనే. బాట ఇంచు తగ్గొద్దు!"

ముందుగా అన్న ఇల్లు కట్టాడు. రోడ్డు కన్నా ఎత్తు ఉండాలని ఇంటిని లేపేసరికి మెట్లు బాటలోకి దిగాయి. అడిగితే, "బాట అందరిది తమ్మీ, జర మెట్లొస్తే ఏమైతది?" అన్నాడు. అందరిదైతే నాది కూడా కదా! స్కూటరు ఎక్కించడానికి నేను ర్యాంపు పోయించాను. ఒట్టు పెట్టించిన తమ్ముడు సైతం తన నీళ్ల సంపును బాటలోనే తవ్వించాడు, మూత జానెడు ఎత్తున.

మొన్న తమ్ముడి గృహప్రవేశం. కారు సంగతి దేవుడెరుగు, ముందు ఇంట్లోకి ఆవు పోవాలి. పసుపు కుంకుమలతో వచ్చిన ఆవు నా ర్యాంపు ఎక్కనని మొండికేసింది. వెనక్కి తిప్పుదామంటే అన్న మెట్లు అడ్డం. ముహూర్తం దాటుతోందని అయ్యగారి గోల.

"నీ ర్యాంపు పలగ్గొట్టు" అని అన్న. "ముందుగాల నీ మెట్లు తియ్యి" అని నేను. "ఇద్దరు గలిసి నా బాట మింగిన్రు" అని తమ్ముడు, సంపు మూత మీద నిలబడి.

ఆవు మా ముగ్గురినీ కాసేపు చూసి, బాట నడుమ పేడ వేసింది. అది ఎవరు ఎత్తాలో తేల్చడానికి అన్న ఇంట్లోకి పోయి టేపు తెచ్చాడు.